పడమటి వాటా

"బండి బయటికి తీయాలంటే నేను దాని మీంచి ఎగిరెళ్లాలా అక్కా? నేనడిగేది అదొక్కటే," అంది శ్రీరమ్య.

అడిగేది అదొక్కటే కాదని బిందుమాధవికి తెలుసు. కాఫీల దగ్గర మొదలైన మాట ఇది. కాఫీలు అయ్యాయి, స్నానాలు అయ్యాయి, ఇడ్లీలు కూడా అయ్యాయి. మాట మాత్రం తెమల్లేదు.

గేటు పక్కన గోడకి చేరేసి ఉంది పాత ఇంటి సింహద్వారం. నలుగురు పడితే గానీ లేవని టేకు గుమ్మం. ఇల్లు పడగొట్టిన రోజు తలుపులూ కిటికీలూ దూలాలూ అన్నీ పాత కలప కొనేవాడు లారీకెత్తుకున్నాడు గానీ, గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అత్తగారు కోటిరత్నం అడ్డంగా నిలబడింది. కొత్త ఇంటికీ అదే పెట్టాలంది. అంతవరకూ చిన్నకొడుకు అద్దెకుంటున్న ఈ ఇంటి ముందు ఉంచమంది. శుక్రవారం శుక్రవారం దాని గడపకి పసుపు రాసి బొట్లు పెడుతోంది. గుమ్మం కింది భాగం సగం దారిలోకి వచ్చింది. పసుపు రాసిన గడప మీద బండి చక్రం ఎక్కనివ్వదు ఆవిడ.

"మీ బావగారు ఇంజనీరుగారితో మాట్లాడి రాగానే జరిపిస్తాను. మనుషులు కావాలి కదా శ్రీరమ్యా."

"మనుషులకేం తక్కువ అక్కా. ఇంటినిండా మనుషులే."

బిందుమాధవి ఊడుస్తున్న చీపురు ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది.

రెండు గదులూ ఒక వంటిల్లూ. మరిది కోటేష్, శ్రీరమ్య, వాళ్ల పిల్లాడు సర్దుకుని బతుకుతున్న కొంపలోకి కార్తీకం చివర్లో వీళ్లు నలుగురూ వచ్చి పడ్డారు. మామగారు చెంచయ్య, అత్తగారు, తనూ, తన భర్త యలమంద. మాఘానికల్లా స్లాబు పడిపోతుంది, ఈలోపు కాస్త ఇరుగ్గా ఉన్నా ఓర్చుకోండి అన్నాడు యలమంద ఆ రోజు, మీసం మీద చెయ్యేసుకుని. మాఘం వచ్చింది. స్లాబు సంగతి అటుంచి, పునాది గొయ్యి కూడా తవ్వడానికి వీల్లేదని మొన్న కాగితం వచ్చింది.

అరుగు మీద కూర్చుని తమలపాకు తొడిమలు గిల్లుతున్న కోటిరత్నం తల ఎత్తకుండానే అంది. "ఆ గడప దాటి వచ్చే నువ్వూ ఈ ఇంటి కోడలివయ్యావు. నెత్తిన పెట్టుకోమన్నానా? కాస్త పక్కన ఉండనిమ్మన్నాను."

"దాటి వచ్చాను అత్తయ్యా. ఏడాది తిరక్కుండా మళ్లీ అదే గడప దాటి బయటికి పంపించారు. ఇప్పుడది నా గేటుకి అడ్డంగా వచ్చి పడుకుంది."

శ్రీరమ్య బండి స్టాండు వేసేసి, హ్యాండ్ బ్యాగు భుజాన వేసుకుని, గుమ్మానికీ గోడకీ మధ్య సందులోంచి ఒద్దికగా జరుగుతూ వీధిలోకి వెళ్లిపోయింది. బజారులో కోటేష్‌కి ఎరువుల కొట్టుంది. ఆదివారం పూట రైతులు ఎక్కువ వస్తారని ఆమె కూడా కూర్చుంటుంది. ఎండలో నడిచి వెళ్తోందని నలుగురూ చూడాలనే నడుస్తోందేమో అనుకుంది బిందుమాధవి. అంతలోనే, తనైనా అలాగే నడిచేదాన్ని కదా అనుకుంది.

"చూశావా దాని పొగరు," అంది కోటిరత్నం.

"చూశాను అత్తయ్యా. మనం దాని ఇంట్లో ఉన్నాం."

* * *

ఊరికి పడమటి కొసన ఇటికెల దిబ్బ. ఎప్పటిదో బౌద్ధుల స్తూపమట. పైన గడ్డీ తుమ్మలూ మొలిచిన మట్టికుప్పలా ఉంటుంది గానీ, వాన కురిసిన మర్నాడు చూస్తే వరుసలు వరుసలుగా ఇటుకలు బయటపడతాయి. చుట్టూ ఇనప కంచె, కంచెకి పురావస్తు శాఖవాళ్ల నీలం బోర్డు. పిల్లలు ఆ బోర్డు మీద రాళ్లు గురి చూసి కొట్టుకుంటూ పెరిగారు. పెద్దవాళ్లు దాని పక్కనుంచే చేలకి పోతూ పెరిగారు. దానిలో ఏం రాసుందో చదవాల్సిన అవసరం ఊళ్లో ఎవరికీ రాలేదు, చెంచయ్య ఇంటివాళ్లకి తప్ప. వాళ్లకీ చదవాల్సిన వేళకి రాలేదు.

బిందుమాధవి టీ ఫ్లాస్కు పట్టుకుని వెళ్లేసరికి, గుంటూరు నుంచి వచ్చిన ఇంజనీరు రామకాంత్ స్థలంలో టేపు పట్టించి ముగ్గు పోయించాడు. కంచె నుంచి కొలుచుకుంటూ వచ్చిన తెల్లటి గీత ఖాళీ జాగా మధ్యలోంచి అడ్డంగా పోయింది. అన్నదమ్ముల వాటాలకి గుర్తుగా పాతిన హద్దురాళ్లు ఉన్నాయి చూశారూ, ఇంచుమించు వాటి పక్కనుంచే.

యలమంద నడుం మీద చేతులేసుకుని ఆ గీతనే చూస్తున్నాడు. చెంచయ్య కూలిన గోడ మొండెం మీద కూర్చుని ఉన్నాడు.

"గీతకి పడమర అంతా నిషేధమండీ. కొత్తగా ఏదీ కట్టకూడదు. తూర్పు వైపు అయితే అనుమతి అడగొచ్చు. ఎత్తు ఎంతవరకో వాళ్లే చెప్తారు. అంతకి లోబడి కడతామంటే ఇస్తారనే నా నమ్మకం," అన్నాడు రామకాంత్.

అంటే యలమంద వాటా మొత్తం పోయింది. కోటేష్ వాటా నిలిచింది.

పంపకాలప్పుడు పెద్దమనుషుల మధ్య కూర్చుని ఆ హద్దురాళ్లు పాతించినవాడు చెంచయ్యే. పెద్దవాడు పడమర, చిన్నవాడు తూర్పు. తాతల నాటి లెక్క అది. పెద్దవాడు తూర్పున ఉంటే వంశానికి మంచిది కాదంటారు. పడమట ఇల్లుంది, నుయ్యుంది, వీధి గుమ్మం ఉంది. తూర్పున పశువుల కొట్టమూ గడ్డివామూ మాత్రమే ఉన్నాయి. ఇంట్లో ఒక గదైనా ఇప్పించండని కోటేష్ అడిగితే, శాస్త్రాన్ని గదులుగా కోస్తామా అన్నాడు యలమంద. అందరూ నవ్వారు. ఆ నవ్వులయిన నెలలోపే కోటేష్ పెళ్లాన్ని తీసుకుని అద్దె ఇంటికి పోయాడు.

"పాత ఇల్లు నిలబడి ఉంటే దారి వేరేగా ఉండేదండీ," అన్నాడు రామకాంత్, టీ అందుకుంటూ. "ఎప్పటినుంచో ఉన్న ఇంటిని బాగు చేసుకుంటామంటే అడగడానికి ఒక ఆధారం ఉండేది. కప్పు మార్చుకునేవాళ్లు, గోడలు గట్టి చేసుకునేవాళ్లు. అందుకే కదండీ, కాగితం వచ్చేదాకా గడ్డపార వేయొద్దన్నాను."

"మూఢం ముంచుకొస్తుంటే ఎలా ఆగుతామండీ?" అన్నాడు చెంచయ్య. మూడు నాలుగు రోజులుగా ఆయన ఎవరు కనబడినా ఇదే చెబుతున్నాడు. "మూఢానికి ముందే శంకుస్థాపన చేసేస్తే, ఇక మూఢంలోనూ పని సాగించుకోవచ్చు. చెయ్యకపోతే మాఘం దాకా ఆగాలి. ఇల్లు అట్టే నిలబెట్టి శంకుస్థాపన ఎక్కడ చెయ్యమంటారు, నట్టింట్లోనా?"

చెంచయ్య చూపు ఈశాన్యం మూలకి పోయింది. శంకువు వేసిన గొయ్యి చుట్టూ ఆ రోజు పోసిన నవధాన్యాలు తుపాను వానకి మొలకెత్తాయి. ఆ తర్వాత నీళ్లు పోసే దిక్కులేక నిలువునా ఎండిపోయాయి.

"అదుగో, ఆ మహానుభావుడు పెళ్లాన్నీ బిడ్డనీ వదిలి ఇల్లు దాటి పోయాడు. మమ్మల్ని కూడా అట్టాగే పొమ్మంటున్నాడు," అన్నాడు యలమంద, దిబ్బకేసి గడ్డం చూపిస్తూ. నవ్వుతాడనుకున్నాడేమో ఇంజనీరు వైపు చూశాడు. నవ్వలేదు.

"రాత్రికి రాత్రి గోడలు లేపేస్తే ఎవడు కూలుస్తాడో చూస్తా, అనుకున్నాను ముందు. వీడొద్దన్నాడు," అన్నాడు చెంచయ్య, తన ఘనతని కొడుకు చెడగొట్టినట్టుగా.

"పడమర గోడ లేపితే కేసు పెడతారండీ. ఆ పైన తూర్పుది కూడా ఇరుక్కుంటుంది. పట్టా అంతా అమ్మగారి పేరున ఒక్కటే కదా," అని, రామకాంత్ ఖాళీ గ్లాసు బిందుమాధవికి ఇస్తూ మామూలుగా అన్నాడు. "అదే మేడమ్, మీ తుళ్లూరు ప్లాటు కోటేష్ గారికి రాసిచ్చేశాక ఒక మాట చెప్పండి. తూర్పు వాటాకి అమ్మగారి సంతకంతో అప్లికేషన్ పెట్టేద్దాం."

బిందుమాధవి గ్లాసు అందుకుని భర్త వైపు చూసింది.

యలమంద కిందకి వంగి చెప్పు పట్టీ సర్దుకున్నాడు. అది ఊడలేదు. చెంచయ్య దగ్గుకుంటూ లేచి, కళ్లంలో కూలీలు ఏం చేస్తున్నారో చూడమని కొడుకుతో అన్నాడు. ఆ మాట కోసమే కాచుకున్నట్టు యలమంద బండి తీశాడు. వెనక తండ్రి ఎక్కాడు. నిమిషంలో ఇద్దరూ దిబ్బ మలుపు తిరిగిపోయారు.

తను చెప్పకూడనిది చెప్పేశానని రామకాంత్‌కి అర్థమైంది. అవస్థ పడుతూ టేపు చుట్టుకుంటున్నాడు.

"మీకు తెలుసనుకున్నానండీ."

"ఫర్వాలేదండీ. ఇవాళ కాకపోతే సంతకం పెట్టే రోజు తెలిసేది." ఆమె ముగ్గు గీత మీద కాలు పడకుండా పక్కకి జరిగింది, ఎందుకో. "ఒకటి అడుగుతాను. తుళ్లూరు ప్లాటులో ఇల్లు కట్టుకోవాలంటే ఎవరెవరు సంతకం పెట్టాలండీ?"

"ప్లాటు ఎవరి పేరున ఉంటే వాళ్లే పెట్టాలి మేడమ్. మీ పేరున ఉంది కాబట్టి మీరే."

"ఇంకెవరూ అక్కర్లేదా?"

"ఇంకెవరూ అక్కర్లేదు."

* * *

ఆ ప్లాటు ఒకప్పుడు బిందుమాధవికి ఆమె నాన్న పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం. రాజధాని కోసం అందరి పొలాలతోపాటు అదీ పూలింగులో పోయింది. దానికి బదులుగా ఆమె పేరున ఒక ప్లాటు వచ్చింది. ఎన్నో ఏళ్లు అక్కడ ముళ్లకంప తప్ప ఏమీ లేదు. కోడలు తెచ్చిన ఆస్తి తొండలు గుడ్లు పెట్టుకోవడానికి బాగుంటుందని కోటిరత్నం వచ్చేపోయేవాళ్ల దగ్గర అనేది. అన్న ప్రతిసారీ బిందుమాధవి వంటింట్లో ఏదో ఒక గిన్నె తోముకుంటూ ఉండేది. ఇప్పుడు రోడ్లు పడుతున్నాయి, క్రేన్లు లేస్తున్నాయి. తొండలు పోయి మనుషులు వస్తున్నారు. ఇంట్లో ఎవరూ ఇప్పుడు ఆ మాట అనడం లేదు.

కళ్లంలో మొదటి కోత మిరపకాయ ఎర్రగా పరుచుకుని ఉంది. నలుగురు ఆడకూలీలు ముక్కులకి కొంగులు కట్టుకుని, తెల్లబోయిన తాలు కాయ ఏరుతున్నారు. చెంచయ్య అటు కొసన నీడలో నిలబడి ఎవరితోనో ఫోను మాట్లాడుతున్నాడు. బిందుమాధవి వెళ్లి కూలీల పక్కన కూర్చోలేదు. యలమంద కాయ కింద పరిచిన టార్పాలిన్ పట్టా అంచు సర్దుతున్న చోటికి పోయి నిలబడింది.

"నీకు చెబుదామనే అనుకున్నా," అన్నాడతను, వంగి ఉండగానే.

"ఎప్పుడు?"

అతను ఒక తాలు కాయ ఏరి, పక్కన పారేశాడు.

"తూర్పు వాటా వాడిది. ఊరికే ఇమ్మంటే ఇస్తాడా? ఏదో ఒకటి ఇవ్వాలి కదా. ఇక్కడ పొలం ఇస్తే మనం ఏం చేసుకుని బతకాలి? ప్లాటంటే వాడు సరేనన్నాడు. నాన్న కూడా సరేనన్నాడు."

"అత్తయ్య?"

"అమ్మకీ తెలుసు."

"ఇంజనీరుగారికి కూడా తెలుసు. అందరి సరేలూ అయ్యాయన్నమాట."

"వెటకారం వద్దు బిందూ. తల మీద కప్పు లేక తమ్ముడి పంచన పడున్నాం. పొద్దున్నే గుమ్మం దగ్గర వినలేదా, ఎన్ని మాటలంటోందో. నీకోసమే ఇదంతా. నీకు ఇల్లు అక్కర్లేదా?"

అక్కర్లేదని ఎలా అంటుంది. పెళ్లయి వచ్చినప్పటినుంచి పాత ఇంటి వసారాలో వాన పడిన ప్రతిసారీ గిన్నెలు పెట్టి నీళ్లు పట్టిందే ఆమె. కొత్త ఇంటి ప్లాను గీయించినప్పుడు, వంటింటికి తూర్పు కిటికీ ఉండాలని అడిగింది. ఆ ఒక్కటే అడిగింది. రామకాంత్ గీసి చూపిస్తే ఆ కాగితం మీద కిటికీ ఉన్నచోట వేలు పెట్టి చాలాసేపు చూసుకుంది. కూతురు గుంటూరు హాస్టల్ నుంచి సెలవులకి వస్తే, ఈ అద్దె ఇంట్లో పడుకోవడానికి చోటు లేక రెండో రోజే వెళ్లిపోతోంది.

"సరే, నా ప్లాటు ఇచ్చేద్దాం," అంది. యలమంద తల ఎత్తాడు. "దానికి బదులు వచ్చే తూర్పు వాటా నా పేరున రాయిస్తారా?"

"నీ పేరున ఏంటి?"

"నాది పోతోంది కదా. వచ్చేది నాకు రావాలి కదా."

"ఆ స్థలం అమ్మ పేరున ఉంది. అమ్మా నాన్నా బతికుండగా కోడలి పేరున రాస్తే ఊళ్లో ఏమనుకుంటారు? అయినా నీ పేరున ఉంటే ఏంటి, నా పేరున ఉంటే ఏంటి? మనం వేరా?"

"వేరు కాకపోతే నా పేరునే ఉండనివ్వండి."

యలమంద పట్టా అంచు వదిలేశాడు. తాలు ఏరుతున్న ఆడవాళ్లు చేతులాడిస్తూనే ఉన్నారు గానీ మాటలు ఆపేశారు. అతను గొంతు తగ్గించి, ఇంటికెళ్లి మాట్లాడదాం, కూలీల ముందు పరువు తీయకు అన్నాడు. పరువు తీసేంత మాట తనేమందో బిందుమాధవికి అర్థం కాలేదు. మిరపకాయ ఘాటుకి కళ్లు మండుతున్నాయి. అదీ ఒకందుకు మంచిదే. ఆ మంట ఎందుకని ఎవరూ అడగరు.

* * *

మధ్యాహ్నం అందరూ ఒకేసారి భోజనాలకి కూర్చోవడం ఆ ఇంట్లో అరుదు. చోటు చాలదు. ఇవాళ మాత్రం కోటేష్ కొట్టు కట్టేసి వచ్చాడు. శ్రీరమ్య అతని వెనకే వచ్చింది. పిల్లాణ్ణి పక్కింటికి ఆడుకోవడానికి పంపేశారు. మాట్లాడుకోవాలని యలమంద ఫోను చేసి చెప్పి ఉంటాడు.

గోంగూర పప్పూ, దోసకాయ పచ్చడీ. బిందుమాధవి వడ్డిస్తోంది. చెంచయ్య రెండు ముద్దలు తిన్నాక మొదలుపెట్టాడు. దిబ్బ సంగతి, గీత సంగతి, కాలం కలిసిరాకపోవడం సంగతి. అన్నదమ్ములన్నాక ఒకరి కష్టంలో ఒకరు సర్దుకోవాలన్నాడు. చిన్నవాడు పెద్ద మనసు చేసుకుని తూర్పు వాటా అన్నకి ఇస్తున్నాడన్నాడు. ఊళ్లో ఇంత ధర్మంగా ఎవరుంటారన్నాడు. ప్లాటు మాట ఆ ధర్మంలో ఎక్కడో చివర, పచ్చడి నంజుకున్నట్టు వచ్చింది.

శ్రీరమ్య కంచంలోంచి తల ఎత్తింది. "అక్కకి ఇష్టమేనా?"

చెంచయ్య పచ్చడి గిన్నె దగ్గరికి జరుపుకున్నాడు.

"అక్కా, మిమ్మల్నే. నేనైతే అడగలేదు. బావగారే కొట్టు దగ్గరికొచ్చి, మీరు ఒప్పుకున్నారు, ప్లాటు తీసుకోండి అన్నారు. మీరు ఒప్పుకున్నారనే మేం సరేనన్నాం."

"నాకు పొద్దున తెలిసింది," అంది బిందుమాధవి. "ఇంజనీరుగారు చెప్పారు."

కోటేష్ అన్న వైపు చూశాడు. "అదేంటి అన్నయ్యా? వదిన తనంతట తనే అన్నదన్నావు."

"ఆడాళ్లకి వివరం చెప్తే ఒప్పుకుంటార్లేరా. ముందు మనం ఒక మాట అనుకోవాలి కదా."

"అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది," అని గొణిగాడు కోటేష్. శ్రీరమ్య నవ్వబోయి ఆపుకుంది. యలమంద ముఖం కందగడ్డయింది.

"నవ్వండి. పడమర వచ్చినవాడు నెత్తిన చెంగేసుకోవాలి, తూర్పు వచ్చినవాడు నవ్వుకోవాలి. అదృష్టవంతుడివిరా."

"అదృష్టమా?" కోటేష్ ముద్ద కంచంలో పెట్టేశాడు. "గడ్డివామి ఇచ్చి పంపించారు నన్ను. ఒక్క గది ఇవ్వమంటే శాస్త్రం చెప్పావు. ఆ శాస్త్రమేనా ఇప్పుడు నన్ను తూర్పు వదలమంటోంది? ఇప్పుడు పెద్దవాడు తూర్పున ఉంటే వంశానికి ఏం కాదా?"

"ఒరేయ్, తినేటప్పుడు ఏంట్రా ఇది," అన్నాడు చెంచయ్య. అయినా ఆయన గొంతులో మునుపటి పెద్దరికం లేదు. శాస్త్రం ఆయన నోటినుంచే వచ్చింది. మూఢమూ ఆయన నోటినుంచే వచ్చింది.

కోటిరత్నం మాత్రం ఈ గొడవని దాటి నేరుగా కోడలి దగ్గరికి వచ్చింది. ఆవిడకి తెలుసు, ముడి ఎక్కడుందో. "చూడమ్మాయ్. ఆడదానికి మొగుడి ఊళ్లో ఇల్లుంటే అదే ఆస్తి. ఎక్కడో ఉన్న ప్లాటుని చూసుకుని మురిసిపోతే కడుపు నిండుద్దా? అక్కడ నీకెవరున్నారు? నాన్న పోయాడు. నలుగురం ఉన్నది ఇక్కడ. పెట్టెయ్ ఆ సంతకం, కొంప నిలబడుద్ది."

బిందుమాధవి మజ్జిగ గిన్నె కింద పెట్టింది. ఆమె ఎప్పుడూ అందరూ తిన్నాకే కూర్చుంటుంది. ఇవాళ వాళ్ల మధ్యలోనే గోడకి ఆనుకుని కూర్చుంది. కంచం పెట్టుకోలేదు.

"ఒకటి అడుగుతాను అత్తయ్యా, కోపం తెచ్చుకోవద్దు. మీ పుట్టింటివాళ్లిచ్చిన ఎకరం అమ్మే కదా ఈ స్థలం కొన్నది. అందుకే కదా పట్టా మీ పేరున ఉంది."

"అయితే?"

"అది పంచేటప్పుడు మిమ్మల్ని అడిగారా?"

చెంచయ్య నములుతున్నది ఆపాడు. కొడుకులిద్దరూ కంచాల్లోకి చూస్తున్నారు. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. దానికి జవాబు అందరికీ తెలుసు గనక అడగలేదు.

కోటిరత్నం కంచంలో పప్పన్నం కలుపుతూ అంది. "అడగలేదు. హద్దురాళ్లు పాతుతుంటే మజ్జిగ పట్టుకెళ్లాను, అప్పుడు చూశాను. అయితే ఏమైంది? నేను బతకలేదా?"

"బతికారు," అంది బిందుమాధవి. "ఇల్లు పడగొడుతుంటే ఆ గుమ్మం ఒక్కటీ ఉంచమని కలప కొనేవాడికి అడ్డం పడి బతిమాలుకున్నారు."

కోటిరత్నం ముఖంలో ఏదో కదిలి, వెంటనే గట్టిపడింది. నాకు చెప్పేంతదానివయ్యావా అంటుందనుకున్నారు అందరూ. అనలేదు. కంచంలో నీళ్లు పోసుకుని చెయ్యి కడిగేసుకుంది. పప్పన్నం సగం అలాగే ఉంది.

యలమందకి అది తట్టుకోలేనంతగా తగిలింది. అమ్మ చేత తిండి మాన్పించావు, సంతోషమేనా అన్నాడు. ఇంట్లో ఇంతమంది పెద్దలు ఒక మాట అనుకుంటే దానికి అడ్డుపడే ధైర్యం ఎక్కణ్ణించి వచ్చిందో తనకి తెలుసన్నాడు. తుళ్లూరులో రేట్లు పెరిగినప్పటినుంచి నీ కళ్లు నేల మీద లేవన్నాడు. ఆమె పుట్టింటి మాట ఎత్తాడు. పోయిన మామగారి మాట ఎత్తాడు. కోటేష్ వద్దన్నయ్యా అన్నా వినలేదు. ఊపిరి తిరక్కుండా అన్నీ అని, చివరికి ఆయాసపడుతూ ఆగాడు.

బిందుమాధవి మధ్యలో ఒక్క మాటకీ అడ్డు రాలేదు. వీధిలో ఎవరి ట్రాక్టరో మిరపకాయ కుక్కిన టిక్కీల బస్తాలతో మార్కెట్ యార్డుకి పోతోంది. ఆ చప్పుడు దూరమయ్యేదాకా ఆగింది.

"ప్లాటు నేనివ్వను," అంది. గొంతు ఎప్పుడూ అన్నం వడ్డించనా అని అడిగే గొంతే. "కోటేషూ, నీ తూర్పు వాటా నువ్వు ఉంచుకో. నీకు అనుమతి వస్తుందన్నారు. కట్టుకోండి. ఏళ్లతరబడి అద్దె కట్టారు. దానిమీద మాకు ఆశ లేదు."

ఆ మాట ఇటునుంచి వస్తుందని శ్రీరమ్య అనుకోలేదు.

"మరి మనం?" అన్నాడు యలమంద. తిట్టినప్పటి గొంతు కాదది.

ఆమె అతనికి విడిగా జవాబు చెప్పలేదు. అందరికీ చెప్పింది.

"నేను తుళ్లూరులో రెండు గదులు వేయించుకుంటున్నాను. కళ్లం నుంచి వచ్చేముందు రామకాంత్ గారికి ఫోను చేసి చెప్పాను, ప్లాను గీస్తానన్నారు. నా ఒక్క సంతకం చాలట. ఈ కాయ కోతలయ్యేదాకా ఇక్కడే ఉంటాను, పని మధ్యలో వదిలి పోను. ఆ తర్వాత అక్కడే ఏదో ఒక గది అద్దెకి తీసుకుని కట్టించుకుంటాను. అమ్మాయిని హాస్టల్ మాన్పించి నా దగ్గరే ఉంచుకుంటాను."

కోటేష్ ఏదో అనబోయి భార్య ముఖం చూసి ఆగాడు. కోటిరత్నం తడి చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ ఉండిపోయింది. చెయ్యి ఎప్పుడో ఆరిపోయింది.

చివరికి చెంచయ్యే నోరు విప్పాడు. "మరి వాడో అమ్మాయ్?"

"అది ఆయన చెప్పాలి మామయ్యా. నేను రావద్దనను. రమ్మని బతిమాలను కూడా."

అందరూ యలమంద వైపు చూశారు.

అతను తల్లి వైపు చూశాడు.